మధ్యపట్టీ

మార్చి 4, 2019
చోర్‌గుజర్ మహల్లా, బుఖారా దాపున

నా పేరు అంజిరత్. వయసు డెబ్బై ఆరు. ఇంట్లో ఉండేది నేను, నా తోడికోడలు హోజర్, దాని నస. మగదిక్కు లేదు, ఉన్నప్పుడూ పెద్దగా ఉపయోగపడలేదు. చదువు రాదు. ఈ ఉత్తరంలో మాట నాది, రాసే చెయ్యి ఎదురింటి షంసియాది. పోస్టాఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. ఇదంతా ముందే ఎందుకు చెప్పుకోవాలంటే, షంసియాకి నా మాటల్లో పంచదార కలిపే జబ్బుంది. ఈసారి ఉన్నదున్నట్టు రాయకపోతే దాని టీలో ఉప్పు వేస్తానన్నాను. ఆ మాట కూడా రాసేసింది, చూశావా. సరే.

పోయిన నా చెల్లెలు రోబియా కడుపున పుట్టి నా ఒళ్లో పెరిగిన మువత్తర్‌కి పెద్దమ్మ దీవెనలు.

బస్సు డ్రైవరు నీ కబురు తెచ్చాడు. కొత్త ఇంటికి గోడంత సుజాని కావాలని, మహల్లాలో ప్రతి ఇంటి చెయ్యీ దాని మీద పడాలని అన్నావట. పెళ్లికి కాక అంత పూలకుట్టు గుడ్డ ఎవరడుగుతారు? విని హోజర్ ఏడ్చింది, నేను తిట్టాను. ఎవడే వాడు? తాష్కెంట్ పోయి పద్నాలుగేళ్లు ఊళ్లకు బొమ్మలు గీస్తూ కూర్చున్నావు, ముప్ఫై రెండు నిండాయి, ఇక లేదులే అనుకుని నీ పేరు మీద దాచిన పట్టుదారం సగం వాడేశాను. ఇప్పుడా చెప్పడం? అదీ డ్రైవరు నోటితోనా?

పోనీలే. గుడ్డ తెప్పించాను. ఏడు పట్టీలు వరసగా పరిచి కచ్చా కుట్టు వేశాను. రెల్లు కలంతో బొమ్మ గీశాను. మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ దానిమ్మలు, అంచున తీగ. గీయడం అయ్యాక కుట్టు విప్పి ఇంటికో పట్టీ పంచాను. మధ్యపట్టీ నాది. అందులో ఒక పువ్వు గీసి వదిలేశాను. అది నువ్వు కుట్టాలి, పెళ్లికూతురి పువ్వు. నీకు చెప్పేదేముంది, నా మోకాలి పక్కన కూర్చునే కదా నేర్చుకున్నావు.

పెళ్లికొడుకు పేరు రాసి పంపు. ఏం పని చేస్తాడు, తాగుతాడా, తల్లి బతికుందా. మూడోది ముఖ్యం.

నీ పెద్దమ్మ


మార్చి 19, 2019
తాష్కెంట్

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులోనే చదివి పగలబడి నవ్వాను. అందరూ ఏమైందని అడిగారు. మొదటి నాలుగు వాక్యాలు చదివి వినిపించాను. ఇస్కందర్ గారు, అంటే మా పెద్దాయన, "ఈవిణ్ణి నేను చూడాలి" అన్నారు. నీ గురించి నా దగ్గర వినీ వినీ నువ్వు ఆయనకు తెలిసిన మనిషివైపోయావు.

ఫోన్ కొనిస్తానంటే వద్దంటావు. "ఫోన్‌లో తియ్యగా మాట్లాడి పెట్టేస్తావు, కాగితమైతే మాట నిలబడి ఉంటుంది" అంటావు. సరే, కాగితమే.

నా పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతా విను. ఊరు ఎలా పెరగాలో గీసివ్వడం. ఒకప్పుడు ఊరు పెరగాలంటే ఫ్యాక్టరీ పెట్టాలనేవారు. ఫ్యాక్టరీ మూతపడితే ఊరూ మూతపడేది. ఇప్పుడలా కాదు. చేతిలో పనితనం, బుర్రలో కొత్త ఊహ ఉన్నవాళ్లు ఎక్కడ చేరితే అక్కడికి జనం వస్తారు. జనం వెంట దుకాణాలు, హోటళ్లు, విమానాలు, డబ్బు. ఊరికి అసలు పెట్టుబడి అలాంటి మనుషులే. ఈ మాట ఎక్కడ చెప్పాల్సి వచ్చినా నేను నీ కథే చెబుతాను. ఒక ఆడమనిషి రెల్లు కలం పట్టుకుంది, ఆమె చుట్టూ ఒక వీధి పుట్టింది, ఆ వీధి వల్ల ఊరికి పేరొచ్చింది అని. వినేవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నీవే పెద్దమ్మా.

పెళ్లి సంగతి నువ్వెప్పుడూ తొందరే. ముందు కుట్టు కానివ్వు. ఒక్క కోరిక. ప్రతి ఇల్లూ తన పట్టీలో తన గుర్తు కుట్టాలి, చూసినవాళ్లకు ఏది ఎవరిదో తెలిసేలా. ఇస్కందర్ గారికి కూడా అదే ఇష్టం.

హోజర్ పిన్నికి ముద్దులు.

మువత్తర్


మే 12, 2019
చోర్‌గుజర్

అంజిరత్ చెబుతోంది, షంసియా రాస్తోంది. ఉప్పు బెదిరింపు అలాగే ఉంది.

అమ్మాయ్,

పేరు పట్టేశాం. ఇస్కందర్. నువ్వు దాచినా ఒక్క కాగితంలో రెండుసార్లు రాశావు. హోజర్ అంది, "ఆఫీసులో పెద్దాయనంటే వయసు కాస్త ముదిరినవాడే అయ్యుంటాడు." "ముదిరితే నాలుగు రోజులు నిలకడగా ఉంటాడులే" అన్నాను. నీకు సిగ్గైతే మేం అడగం. కబురు వచ్చే దారిలో వస్తుంది.

పట్టీలు బాగా నడుస్తున్నాయి. షంసియా పిట్టను కుట్టింది, ఉత్తరాలు మోసిన మనిషి కదా. రొట్టెల సలోమత్ టీ కెటిల్ కుట్టింది. చూస్తే బాతులా ఉంది, అంటే ఊరుకోదు. మా హోజర్ పని రంగులద్దడం కదా, తనకు పట్టీ లేదు. అలిగి నా పట్టీ అంచున దిష్టికి మిరపకాయ కుట్టింది. కూలి ఎవరూ అడగలేదు. పెళ్లి కుట్టుకు కూలి అడిగే నోరు ఈ మహల్లాలో లేదు. "రోబియా కూతురిది కదా" అంటూ అందరూ తమ ఇంట్లోని మంచి దారమే తీశారు. సలోమత్ అయితే తన కూతురి కోసం దాచిన ఎర్రదారం తీసింది, మంజిష్ఠలో మూడుసార్లు ముంచినది.

ఇక నీ చప్పట్ల సంగతి. ఆ కథ తప్పు చెబుతున్నావు, సరిచేసుకో. వీధి నా చుట్టూ పుట్టలేదు. నేను కోడలిగా వచ్చేసరికే మా అత్త గీసేది. గీసేది ఒకతే, నిజమే. కానీ మా అత్త గీసిన దానిమ్మ లావుగా ఉంటే పక్కింటావిడ కుట్టేటప్పుడు సన్నం చేసేది. అది చూసి మా అత్త మర్నాడు సన్నంగానే గీసేది. పట్టీ చంకన పెట్టుకుని ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి పోతాం, "నీ తీగ నా తీగకు అందడం లేదే" అని పోట్లాడుకుంటాం, రొట్టె తింటాం, విప్పి మళ్లీ కుడతాం. ఎర్ర కాలేదని హోజర్‌ను తిడతాం. ఇక్కడ గుమ్మాలకు గడియలు ఎందుకు పెట్టుకోలేదనుకున్నావు? రెండు చేతుల్లో గుడ్డ ఉన్న మనిషి భుజంతో తోసుకుని రావాలని. నువ్వు ఆఫీసులో చెప్పాల్సింది అదీ, నా చెయ్యి కాదు.

ఒక సంగతి అడగాలి. సందులోకి ఎవరో వచ్చి కొలతలు తీసి, గోడల మీద ఎర్ర రంగుతో గీతలు పెట్టిపోయారు. మా గోడ మీదా పెట్టారు. "ఎందుకు నాయనా" అంటే, "పైవాళ్లను అడుగు అవ్వా" అన్నాడొకడు. నాకు తెలిసిన పైవాళ్లలో దేవుడి తరవాత నువ్వే. కనుక్కో.

నీ పెద్దమ్మ


జూన్ 6, 2019
తాష్కెంట్

పెద్దమ్మా,

ఆ గీతల గురించి కంగారు పడకు. అంతా మంచికే. సందుకు కొత్త పైపులు, కొత్త దీపాలు, ఇంకా చాలా వస్తాయి. నిజానికి ఆ పని మా కంపెనీ చేతిలోనే ఉంది, అంటే నా చేతిలోనే. వేరేవాళ్ల చేతిలో పడుంటే ఏమయ్యేదో ఆలోచించు. నేనున్నాను కాబట్టే చోర్‌గుజర్ పేరు నిలుస్తుంది.

దానిమ్మల్ని సన్నం చేయడం గురించి నువ్వు చెప్పింది చాలా బాగుంది. ఒక ఉపన్యాసంలో వాడుకున్నాను.

పట్టీలు ఆగస్టు చివరికి కావాలి. కారు పంపుతాను. జతచేయడం కూడా నువ్వే చేసి పంపితే మేలు. ఇక్కడ ఎవరిని నమ్మాలో తెలియడం లేదు.

ఇస్కందర్ గారి గురించి నువ్వు రాసింది చదివి ఏమనాలో తెలియలేదు. తరవాత మాట్లాడుకుందాం. ప్రస్తుతం తల తిరిగేంత పని.

మువత్తర్


ఆగస్టు 25, 2019
చోర్‌గుజర్

అంజిరత్ మాట, షంసియా రాత.

అమ్మాయ్, కారు వచ్చింది. డ్రైవరుకు పుచ్చకాయ కోసి పెట్టాం, సగం తిని సగం వాళ్లావిడకు పట్టుకెళ్లాడు. మంచివాడు.

ఆరు పట్టీలు పైన నాడాకు ఒకే దారంతో జతచేసి, మధ్యలో ఒకదానికి చోటు వదిలి పంపుతున్నాను. మధ్యపట్టీ పంపను. గట్టి కుట్టు వేయలేదు, కచ్చా కుట్టే. ఎందుకో నీకు తెలుసు. పెళ్లినాడు పెళ్లికూతురి ముందు మధ్యపట్టీ పెట్టి, అప్పుడు వేస్తాం గట్టి కుట్టు. అంతవరకు అది సుజాని కాదు, పక్కపక్కన పెట్టిన గుడ్డలు. పైకెత్తి లాగకు, ఊడుతుంది.

గీతల గురించి నువ్వు చెప్పింది అందరికీ చెప్పాను. "మువత్తర్ ఉందిగా" అని నిద్రపోతున్నారు.

రోజు చెప్పు. రొట్టెలు చేయించాలి.

నీ పెద్దమ్మ


ఆగస్టు 31, 2019
తాష్కెంట్

పెద్దమ్మా,

సెప్టెంబరు 14, శనివారం. మన ఊళ్లోనే, స్టేషను దగ్గర కొత్త హోటలు హాలులో. పెద్దపెద్దవాళ్లు వస్తారు. నువ్వు, షంసియా పిన్ని, సలోమత్ పిన్ని, హోజర్ పిన్ని తప్పకుండా రావాలి. మధ్యపట్టీ తీసుకురా, అందరి ముందూ నీ చేత్తోనే జతచేద్దువు గాని. ఇస్కందర్ గారు స్వయంగా ఎదురొచ్చి నిన్ను లోపలికి తీసుకెళ్తారు.

మంచి బట్టలు కట్టుకో. మిగిలింది కలిసినప్పుడు చెబుతాను.

నీ మువత్తర్


సెప్టెంబరు 16, 2019
తాష్కెంట్

పెద్దమ్మా,

రెండు రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను.

అలా ఎందుకు చేశావు? మూడేళ్ల నా పని అంతమంది ముందు నేలపాలు చేశావు. పత్రికలవాళ్లున్నారు. విదేశాలవాళ్లున్నారు. నువ్వు వెళ్లిపోయాక నేను ఆ వేదిక మీద ఒక్కదాన్నే నిలబడ్డాను, కింద పడిన దారాలు ఏరుతూ.

పెళ్లని నేనెప్పుడూ చెప్పలేదు. నా ఉత్తరాలన్నీ షంసియా పిన్ని చేత మళ్లీ చదివించుకో. ఒక్క చోటా లేదు. నువ్వే అనుకున్నావు. కాదని చెబితే నీ మనసు విరుగుతుందని ఊరుకున్నాను, అదొక్కటే నా తప్పు.

ఇళ్ల విషయం. కాలువ అవతల మీ కోసం కట్టినవి మంచి ఇళ్లు. వేడినీళ్లు వస్తాయి, లిఫ్టు ఉంటుంది. ఇప్పుడు సందు ఉన్నచోట చేతిపనివాళ్ల పేట వస్తుంది. దేశదేశాల నుంచి గీసేవాళ్లు, నేసేవాళ్లు, కుండలవాళ్లు వచ్చి ఉంటారు. దానికి నీ పేరే పెట్టించాను, అంజిరత్ పేట అని. దాని కోసం ఎంతమందితో పోట్లాడానో నీకు తెలియదు. ఊరంతా బాగుపడుతుంది పెద్దమ్మా. రేపు సలోమత్ పిన్ని మనవలకు ఊళ్లోనే ఉద్యోగాలొస్తాయి, రష్యా పోయి ఇటుకలు మోయక్కర్లేదు. ఇది నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ సుజానిని మహల్లా ఒప్పుదలగా చూపించడం నాకూ నచ్చలేదు. ఇంటింటికీ తిరిగి సంతకాలు అడగడం కన్నా అది గౌరవంగా ఉంటుందన్నారు. మీలో చాలామందికి రాయడం రాదు కాబట్టి కుట్టిన గుర్తు చాలన్నారు.

నువ్వు విప్పినంత మాత్రాన ఏదీ ఆగదు. ఇళ్లు తీసుకునే కాగితాల మీద సభకు ముందు వారమే పైవాళ్ల సంతకాలయ్యాయి. అక్టోబరు 1కి ఖాళీ చేయాలి. దయచేసి మొండికెయ్యకు. లారీ నేనే పంపిస్తాను.

మువత్తర్


సెప్టెంబరు 22, 2019
చోర్‌గుజర్

నా పేరు అంజిరత్. వయసు డెబ్బై ఆరు. ఇల్లు చోర్‌గుజర్ సందులో, గడియ లేని గుమ్మం. ఇంట్లో నేను, తోడికోడలు హోజర్. ఈ కాగితం మువత్తర్‌కి రాయిస్తున్నాను. కానీ ఇది ఒక్క మువత్తర్ చదివి దాచుకోవడానికి కాదు. ఆ హాలులో ఎవరెవరు కూర్చున్నారో వాళ్లందరికీ చదివి వినిపించాలి. షంసియా పంచదార కలపలేదు. కలిపే ఓపిక దానికీ లేదు.

ఆ రోజు జరిగింది నువ్వు వేదిక మీద నుంచి చూశావు. మా పక్క నుంచి చెబుతాను, విను.

తెల్లారకముందే సలోమత్ రెండు పెద్ద రొట్టెలు కాల్చింది, నిశ్చయం రొట్టెలు, పైన పెళ్లి అచ్చు వేసి. హోజర్ బాదాములకు పంచదార పట్టించింది. నేను నా పెళ్లినాటి శాలువా తీశాను, పురుగు కొట్టిన చోట షంసియా రఫూ చేసింది. మధ్యపట్టీ మూటకట్టి గుండెలకు పెట్టుకుని నువ్వు పంపిన కారెక్కాను. దారి పొడుగునా హోజర్ పాడుతూనే ఉంది. నోరు మూసుకోమనలేదు నేను. నా ఎరుకలో నేను అననిది ఆ ఒక్కసారే.

మీ ఇస్కందర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చూడ్డానికి పెద్దమనిషి. రొట్టె చాపాను. వాడు పట్టుకున్నాడు. ఫోటోలవాళ్లు ముందుకొచ్చారు. వాడు నవ్వుతూ రొట్టె విరిచి, ముక్క నోట్లో వేసుకున్నాడు. మనలో రొట్టె విరిస్తే ఏమిటో నీకు తెలుసు. సంబంధం ఖాయం. సలోమత్ చేతులు కళ్లకద్దుకుంది. నేను వాడి నెత్తి నిమిరి, "పెళ్లి ఎప్పుడు బాబూ?" అన్నాను. పక్కనున్న ఆవిడ నవ్వింది. ఆవిడ వాడి భార్యట. "ఎంత ముద్దుగా మాట్లాడుతోందో" అంది నా గురించి, నేను అక్కడ లేనట్టు.

అప్పుడు నీ వంక చూశాను. నువ్వు చూపు దించేశావు. పన్నెండేళ్లప్పుడు నా కలం విరిచి పొయ్యిలో వేసినప్పుడూ అలాగే దించావు. అప్పుడే తెలిసిపోయింది. ఏమిటో తెలియలేదు, ఏదో ఉందని మాత్రం తెలిసింది.

కూర్చోబెట్టారు. ఎవరో మైకులో మాట్లాడాడు. ఊళ్లు పనితనంతో పెరుగుతాయన్నాడు, నా దానిమ్మల మాట చెప్పాడు, నా మాటలే. ఆ తరవాత గోడ మీద సుజాని చూపించి, "చోర్‌గుజర్‌లో ప్రతి కుటుంబమూ తన ఇల్లు ఈ గొప్ప పనికి ఇస్తున్నట్టు తన చేత్తో కుట్టి ఇచ్చింది, ఇదిగో గుర్తులు" అన్నాడు. సలోమత్ నా మోచెయ్యి గిల్లి అడిగింది, "అక్కా, నేను కెటిల్ కుట్టాను కదా. ఇల్లు ఎప్పుడిచ్చాను?"

దానికి నేనేం చెప్పను? నువ్వు చెప్పు.

నన్ను పైకి పిలిచారు. మధ్యలో ఖాళీ, నా పట్టీ కోసం ఉంచినది. సూది వెండి పళ్లెంలో పెట్టి ఇచ్చారు. నేను మూట విప్పలేదు. అంచున నేను వేసిన కచ్చా కుట్టు కొస ఎక్కడుందో నాకు తెలుసు కదా, పట్టుకుని లాగాను. ఒక్క దారమే. ఆరు పట్టీలూ ఒకదాని తరవాత ఒకటి జారి నేల మీద పడ్డాయి. షంసియా వచ్చి తన పిట్టను తీసుకుంది. సలోమత్ తన కెటిల్ తీసుకుంది. మిగతా ఇళ్లవాళ్లవి హోజర్ భుజాన వేసుకుంది. నడిచి ఇంటికొచ్చాం. కారులో రాలేదు.

ఇక నీ ఉత్తరం.

పెళ్లని చెప్పలేదన్నావు. నిజం. షంసియా మళ్లీ మళ్లీ చదివింది, ఎక్కడా లేదు. నువ్వు అబద్ధం ఆడలేదు. నన్ను ఆడనిచ్చావు. నా నోటితో వీధంతా చెప్పించావు. "మువత్తర్ ఉందిగా" అని నేనే అందరినీ నిద్రపుచ్చాను. పరాయివాడు వచ్చి ఇల్లు అడిగుంటే తలుపు దగ్గరే తన్ని పంపేవాళ్లం. నువ్వు పెళ్లికూతురిలా వచ్చావు, పట్టుదారం తీసి ఇచ్చాం.

కాలువ అవతల ఇళ్లలో వేడినీళ్లు వస్తాయన్నావు. చూసొచ్చాను. బస్సెక్కి వెళ్లాను, నిన్నడగలేదు. షంసియాకి ఒక మేడ, సలోమత్‌కి ఇంకో మేడ, నాకు ఆ చివర తొమ్మిదో అంతస్తు. తలుపులన్నీ ఇనుపవి, మూడేసి గడియలు. రొట్టె పొయ్యి పెట్టుకోవడానికి వీల్లేదన్నారు. రంగు కాచడానికి వీల్లేదన్నారు. పట్టీ చంకన పెట్టుకుని నేను సలోమత్ ఇంటికి పోవాలంటే రెండుసార్లు లిఫ్టు, ఒకసారి బస్సు. "నీ తీగ నా తీగకు అందడం లేదే" అని చెప్పడానికి బస్సెక్కే ఆడది ఉంటుందా? ఒకసారి ఎక్కుతుంది. రెండోసారి, పోనీలే అనుకుంటుంది. ఆ పోనీలేతో దానిమ్మ లావుగానే ఉండిపోతుంది.

నువ్వు నమ్మావన్నావు. నమ్మే ఉంటావు, అదే నాకు మంట. మనుషుల వల్ల ఊరు పెరుగుతుందని ఊరూరా చెప్పి, ఆ మనుషుల్నే ఊరవతల పారేసి, వాళ్ల చోట వేరే ఊరి మనుషుల్ని తెచ్చి కూర్చోబెడతావు. నా ఒళ్లో కూర్చుని గీత నేర్చుకున్నావు. ఆ ఒళ్లు ఏ సందులో ఉందో చూడలేదు.

సలోమత్ మనవల మాట ఎత్తావు. దాని పెద్ద మనవడు నిజంగానే రష్యాలో ఇటుకలు మోస్తున్నాడు. నీ మాట దాన్ని కొట్టింది. తరవాత అంది, "వాడు తిరిగొస్తే ఏ ఇంటికి రావాలక్కా?" ఆ మాట నీకు రాయమంది.

ఇప్పుడు నేను చెప్పేది మాట మార్చకుండా చదువు.

చోర్‌గుజర్ ఇళ్లు మేం ఇవ్వలేదు. కుట్టిన గుర్తు ఒప్పుదల కాదు, పెళ్లి చదివింపు. పెళ్లి లేదు కాబట్టి చదివింపు వెనక్కి తీసుకున్నాం. సంతకాలు అయిపోయాయన్నావు. చేసినవాళ్ల ఇళ్లు ఇచ్చుకోమను. నా పేరు ఆ పేటకు పెట్టొద్దు. బోర్డు రాసుంటే చెరిపించు. అక్టోబరు ఒకటిన లారీ పంపితే, గుమ్మంలో చాప వేసుకుని నేను కూర్చుని ఉంటాను, పక్కన వీళ్లు ముగ్గురూ. సలోమత్ రొట్టె కాలుస్తుంది. డ్రైవరుకు పెడతాం, ఆకలితో పంపం. లారీ మాత్రం ఖాళీగానే పోతుంది. మమ్మల్ని ఎత్తి పడేయాలంటే చేతులతో ఎత్తాలి. ఆ చేతులు ఎవరివో చూడ్డానికి నువ్వూ రా.

మధ్యపట్టీ నా దగ్గరే ఉంది. మిగతా ఆరూ ఎవరింట్లో వాళ్లవి. నీ కోసం వదిలిన పువ్వు అలాగే ఉంది. హోజర్ కుట్టేస్తానంది, వద్దన్నాను. విప్పేద్దామంది, అదీ వద్దన్నాను. నేను చచ్చాక కూడా దాన్ని ఎవరూ కుట్టకూడదని చెప్పి పెట్టాను.

నాకు వేలిముద్ర వేయించుకోవడం ఇష్టం లేదు. వేలు ఎవరిదైనా పట్టుకుని వేయించవచ్చు. గీత మాత్రం నాది ఒక్కదానిదే. ఈ కాగితం చివర రెల్లు కలంతో నేనే గీశాను, ఆ పువ్వే, లోపల రంగు లేకుండా. చూడగానే నీకు తెలుస్తుంది. ఆ ఖాళీ నీది.

అంజిరత్ గుర్తు: పువ్వు, నింపనిది

సాక్షులు:
షంసియా, రాసిన మనిషి. గుర్తు: పిట్ట
సలోమత్, రొట్టెలు కాల్చే మనిషి. గుర్తు: కెటిల్
హోజర్, రంగులద్దే మనిషి. గుర్తు: మిరపకాయ